బొట్టు పెట్టిన సూట్లు

నమోదు 1. సోమవారం

క్షేత్రయాత్రకు వెళ్ళే ప్రతి విద్యార్థీ తన సన్నాహాల నమోదు రాయాలని మా భూగర్భశాస్త్ర విభాగం నియమం. దీనికి ఐదు మార్కులు. రాసింది ఎవరూ చదవరని సీనియర్లు హామీ ఇచ్చారు. వాళ్ళలో ఒకతను పేజీలనిండా గుత్తివంకాయ కూర వండే విధానం రాసి ఐదుకు ఐదు తెచ్చుకున్నాడట. వంకాయని నేనెప్పుడూ చూడలేదు కాబట్టి నిజమే రాస్తాను.

నా పేరు మేదిని. కుజుడి మీద పుట్టి, భూమిని పాఠ్యపుస్తకంలో తప్ప చూడని పిల్లకి భూమి పేరు పెట్టడం మా నాన్న హాస్యం. మా ఊరు కొత్త టెక్కలి. ఊరంటే ఒక పెద్ద గుమ్మటం, దాని కింద మేము. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి గుమ్మటాలు కట్టే పనికి వచ్చినవాళ్ళు, పనయ్యాక తిరిగి తీసుకెళ్తామన్న ఓడ రాకపోవడంతో ఇక్కడే స్థిరపడ్డారు. ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ కుజదోషమే కాబట్టి పెళ్ళిళ్ళకు ఆ ఒక్క పేచీ లేదు. మిగతావన్నీ ఉన్నాయి.

వచ్చే సోమవారం గుమ్మటం బయట ఉన్న పగులులోయకు మా తరగతి వెళ్తుంది. ఆ యాత్ర పూర్తి చేస్తే డిగ్రీ, సర్వే శాఖలో ఉద్యోగం. పేరు కొట్టేస్తే నాచుతొట్లు. మా అమ్మ ఆ తొట్లలోనే పనిచేస్తుంది. ఊరందరి అన్నమూ అక్కడే పెరుగుతుంది, కాదనను. కానీ అమ్మ ఇంటికొచ్చేటప్పుడు ముందు వాసన వస్తుంది, తర్వాత అమ్మ వస్తుంది. ఎంత కడిగినా ఆమె గోళ్ళు పచ్చగానే ఉంటాయి. నాకు ఆ తొట్లంటే భయం. ఎలాగూ ఎవరూ చదవరు కదా, చెప్పేస్తున్నాను.

నమోదు 2. మంగళవారం

ఈ రోజు సామాన్లు తీసుకున్నాం. ఏమేం తీసుకెళ్ళాలన్నది భూమి నుంచి వచ్చిన సిలబస్‌లో ఉంది. దాన్ని మార్చే అధికారం భూమి మీది ఒక సంఘానికే ఉంది. ఆ సంఘంలోని వాళ్ళంతా పోయారని, కొత్తవాళ్ళను వేయాల్సిన సంఘం కూడా పోయిందని వినికిడి. అందుకని మాలో ప్రతి ఒక్కరూ సుత్తి, భూతద్దం, దిక్సూచి, నమూనా సంచులతోపాటు ఒక గొడుగు, దోమల మందు, జలగలు పట్టకుండా పొడుగు మేజోళ్ళు కూడా మోసుకెళ్తాం. ఇక్కడ వాన లేదు, దోమ లేదు. జలగ అంటే ఏమిటో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాలి. కానీ గొడుగు లేకపోతే రెండు మార్కులు కోత.

దిక్సూచి సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. దాని ముల్లును ఒకవైపు నిలబెట్టేంత అయస్కాంతం ఈ గ్రహానికి లేదు. ముల్లు తప్పతాగినవాడిలా ఎటు పడితే అటు తూలుతుంది. అయినా ప్రతి రాతి పొర దగ్గరా దిక్కు చూసి రాయాలి. అందరూ తరగతిలో ఫస్టు వచ్చేవాడిది చూసి రాస్తారు. వాడు ఎవరిది చూసి రాస్తాడో తెలియదు. నేను మాత్రం పోయినసారి "ముల్లు ఆగలేదు" అని రాసి తరగతిలో చివరికి వచ్చాను.

సామాన్ల గది గున్నయ్య గారిది. తలుపు మీద విభాగం పేరే ఉంది గానీ ఆయన దాన్ని నమ్మడు. నాకిచ్చిన సుత్తి తల ఊగుతోంది, కొత్తది ఇప్పించండి అని అడిగాను. వెనక అరల్లో విప్పని పెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి.

"కొత్తది నీకిస్తే పాతదైపోద్ది గదమ్మా" అన్నాడాయన, ఓపిగ్గా. "లోపలున్నంతకాలం కొత్తదే."

ఆ తర్కాన్నీ, ఊగే సుత్తినీ పట్టుకుని ఇంటికొచ్చాను.

నమోదు 3. బుధవారం

సూట్లు ఎంచుకున్న రోజు. గుమ్మటం దాటాక పీల్చడానికి గాలి ఉండదు కాబట్టి మనిషి ప్రాణం సూటులోనే ఉంటుంది. మనం వదిలిన చెడుగాలిని వీపు మీది వడపోత డబ్బా పీల్చుకుంటుంది. డబ్బా పాతబడి చెడుగాలి పేరుకుంటే సూటు ఈల వేసి చెప్పాలి. అదీ ఏర్పాటు.

మా విభాగం పాత సూట్ల గొప్పతనం ఏమిటంటే, అవి ఎన్నడూ ఈల వెయ్యలేదు. "బంగారాలమ్మా, నోట్లో నాలికే లేదు" అన్నాడు గున్నయ్య, మంచి కోడళ్ళను చూపిస్తున్నట్టు. అందరూ వాటికోసం ఎగబడ్డారు. మార్కుల వరసలో పిలిచారు. పక్కింట్లో పుట్టి నాతోపాటే పెరిగిన ఏలియాకి మంచి నిగనిగలాడే పాత సూటు దొరికింది. చివర మిగిలింది నేను, పోయినసారి సరుకుల ఓడలో వచ్చిన ఒకే ఒక్క కొత్త సూటు. దాంతోపాటు వచ్చిన కొత్త డబ్బాను గున్నయ్య అరలో దాచి, వీపుకు ఒక పాతది తగిలించాడు.

దాన్నెవరూ ఎందుకు తీసుకోలేదో తొడుక్కున్న కాసేపటికే తెలిసింది. అది ఈల వెయ్యదు, మాట్లాడుతుంది. తయారుచేసినవాళ్ళు దానికి తెలుగు ఏ శాసనాల నుంచి నేర్పారో గానీ, చెవిలో గంభీరంగా ఇలా మొదలుపెట్టింది: "ధరించువారికి మనవి. మీరు పీల్చుచున్న గాలి మీరు ఇదివరకే పీల్చినది."

అదే ముక్క, తీసేదాకా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. దీని నోరు గ్రాంథికం. ఏలియా పడీపడీ నవ్వాడు.

నమోదు 4. గురువారం

గుమ్మటం గోడ వెంబడి మొదటి అభ్యాస నడక. తీసుకెళ్ళింది పొట్నూరి సింహాద్రి మాస్టారు. ఈయన మా విభాగానికి అధిపతి, ఈ గ్రహం మీద పేరున్న మనిషి. పగులులోయలో ఒక గోడ ఉంది. దాని పొరలు తలకిందులుగా ఉన్నాయని, పాతవి పైకి, కొత్తవి కిందికి తిరగబడ్డాయని కనిపెట్టింది ఆయనే. ఆ గోడ ముందు కూర్చుని కునుకు తీసి లేచేసరికి సత్యం కళ్ళకు కట్టిందట. సిలబస్‌లో ఇక్కడివాళ్ళు చేర్చుకోగలిగిన పాఠం అదొక్కటే. ఏటా ప్రతి తరగతీ ఆ గోడ ముందు నిలబడి, తలకిందులుగా ఉందని చూసి, రాసి వస్తుంది. కనబడలేదన్నవాళ్ళు మరుసటేడు మళ్ళీ చూడాలి.

అలా చూడగలగడానికి రాయిమత్తు రావాలంటారు. బయట రాళ్ళ మధ్య కాసేపు తిరిగాక తల బరువెక్కి, ఊరికే నవ్వొచ్చి, కళ్ళు మూతలు పడతాయి. ఇంటికొచ్చి వాంతులు చేసుకుంటారు. రాయి మనిషిని తనలోకి తీసుకుంటోందన్నమాట. మత్తు రానివాడు ఎంత చదివినా గుమాస్తాయే అని మాస్టారి మాట.

ఏలియాకి ఈ రోజే మత్తు వచ్చింది. నడక సగంలోనే గోడకు ఆనుకుని కిలకిలా నవ్వాడు. అందరూ భుజం తట్టారు. నాకు మాత్రం రాలేదు, రానిస్తే కదా. నా సూటు అడుగడుక్కీ మనవి చేసుకుంటూనే ఉంది. అది రేడియోలో అందరి చెవుల్లోనూ వినబడుతుంటే మాస్టారు ఆగారు.

"ఏటమ్మా ఆ గోల. లోయలో నిశ్శబ్దం కావాల. శనివారం నడకలో మళ్ళీ ఇలగే కూసిందంటే నీ పేరు కొట్టేస్తాను."

నేను సూటును బతిమాలాను. అది మళ్ళీ మనవి చేసుకుంది.

నమోదు 5. శుక్రవారం

గున్నయ్య దగ్గరికెళ్ళి కొత్త వడపోత డబ్బా అడిగాను. వెనకున్న పెట్టెల్లో సగం అవేనని పైనున్న బొమ్మలే చెబుతున్నాయి.

"ఈ డబ్బాలు మా నాన్న స్టోరులో ఉన్నప్పటివి. ఒక్కటీ పాడవనీలేదు" అన్నాడు, మీసం సవరించుకుంటూ. "పాత సూట్లు ఎన్నడూ అడగలేదు. నీదే ఎందుకడుగుతంది? పూజ అవలేదు, అందుకు. ఇయ్యేల అవుద్ది, నోర్మూసుకుంటది, సూడు."

యాత్రకు ముందు శుక్రవారం ఆయుధపూజ మా విభాగం ఆచారం. సుత్తులు, సంచులు, గొడుగులు, సూట్లు వరసగా పేర్చి, మాస్టారి భార్య అమ్మాజీ గారు అన్నిటికీ తన చేత్తో గంధం, కుంకుమ పెడతారు. కొత్తలో హెల్మెట్ల పైన పెట్టేవారట. బయటి దుమ్ముకు బొట్టు చెరిగిపోయి తిరిగొస్తుంటే అపశకునమని ఆమెకు నిద్రపట్టేది కాదట. అందుకని అప్పటినుంచీ హెల్మెట్ లోపల, నుదుటికి కాస్త పైగా వచ్చే చోట పెడుతున్నారు. అక్కడ చిన్న గుంట కూడా ఉంటుంది, బొట్టు పెట్టమని అడుగుతున్నట్టు. భూమి నుంచి తెచ్చిన పసుపు కుంకుమ అయిపోయాక, ఇక్కడి ఎర్రమట్టినే జల్లించి నూనెలో కలిపి కుంకుమ చేస్తారు. ఇక్కడ కుంకుమకు కరువులేదు, గ్రహమంతా అదే.

నా హెల్మెట్ దగ్గరకొచ్చేసరికి ఆమె ఆగారు. "కొత్త పెళ్ళికూతురు" అని నవ్వి మిగతావాటికంటే కాస్త దట్టంగానే పెట్టారు.

పూజయ్యాక తొడుక్కుని చూశాను. గది చుట్టూ నడిచాను. గెంతాను. సూటు కిక్కురుమనలేదు. గున్నయ్య నా వైపు ఎలా చూశాడో రాయను. దేవుడు, దయ్యం, దిక్సూచి ఏదీ నమ్మని నేను ఆ బొట్టుకు మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టుకున్నాను. తొట్లు తప్పాయి.

నమోదు 6. శనివారం

రెండో నడక. నా సూటు మౌనవ్రతం పాటించింది. కొంతసేపటికి నాకు ఏలియా ముక్కు చూస్తే నవ్వొచ్చింది. తర్వాత ఊరికే నవ్వొచ్చింది. గుమ్మటం మీద పెద్ద అక్షరాలతో ఉన్న ఊరి పేరు తలకిందులుగా కనబడింది. తల తిప్పి చూసినా అలాగే ఉంది.

"వచ్చింది" అన్నారు మాస్టారు, మురిసిపోతూ. "ఈ పిల్లకి రాయిమత్తు వచ్చింది."

ఈ విభాగంలో నేను పొందిన మొదటి మెప్పు అది. దాన్ని ఆస్వాదిస్తుండగానే ఏలియా మోకాళ్ళ మీద కూలబడి, పక్కకి ఒరిగిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. లోపలికి మోసుకొచ్చి హెల్మెట్ తీస్తే వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. మాస్టారు "లోతైన మత్తు" అన్నారు. చాలాసేపటికి వాడు కళ్ళు తెరిచి, నన్ను చూసి, "అక్కా" అన్నాడు. వాడికి అక్క లేదు. వాడు నాకంటే పెద్ద. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

అందరూ వెళ్ళాక నా హెల్మెట్, వాడి హెల్మెట్ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. నా దాంట్లో బొట్టు కింద జల్లెడలా సన్నని చిల్లులున్న చిన్న మూత. సూటు చెడుగాలిని వాసన చూసేది అక్కడినుంచే. ముక్కు అన్నమాట. నిన్న మేం భక్తిగా దాని ముక్కు మూసేశాం.

ఏలియా హెల్మెట్‌లో మూత కనబడనే లేదు. ఒక గట్టి గుండీలా ఉంది బొట్టు. అంచుని గోరుతో గీరితే పొరలు బయటపడ్డాయి. ఎరుపు, గంధం, మళ్ళీ ఎరుపు, మళ్ళీ గంధం. పైపొరలు ఇక్కడి మట్టి. అట్టడుగున ఒకటి వేరే రంగులో ఉంది, భూమి కుంకుమ అయుండాలి. పాతది కింద, కొత్తది పైన, పాఠంలో చెప్పినట్టే బుద్ధిగా పేరుకున్నాయి. మా విభాగం చరిత్రలో ఇంత చక్కటి పొరల కోత ఎవరూ చూసి ఉండరు.

సూట్లు మంచివై ఊరుకోలేదు. నోరు నొక్కేస్తే ఊరుకున్నాయి. ఆ డబ్బాలు ఎప్పుడో చచ్చిపోయాయి. సోమవారం వీటితోనే మేం లోయలోకి దిగుతాం. గుమ్మటం గోడ పక్క కాసేపు తిరిగితేనే ఏలియా నన్ను అక్కా అన్నాడు.

నోరు మూసుకుంటే నా పేరు జాబితాలో ఉంటుంది. ముందు నుయ్యి, వెనక తొట్టి.

నమోదు 7. ఆదివారం

మాస్టారి ఇంటికెళ్ళి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు, అది నాకు ఆశ్చర్యం.

"అంటే ఏటంటావు? మొన్న పెట్టిన బొట్టు రేపు బయల్దేరబోతా సెరిపెయ్యాలా?"

"చెరిపి, కొత్త డబ్బాలు వెయ్యాలి సార్."

"బొట్టు సెరపడమంటే తెలుసా నీకు? మా ఆవిడ సేత్తో పెట్టింది. ఇన్నేళ్ళలో ఒక్కరు పోలేదు."

"ఏలియా నిన్న..."

"అది మత్తు. ఆ మత్తులోనే నేను గోడ సూసేను. నువ్వనేది నిజవయితే నేను సూసింది ఏటి?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఆయనకూ తెలిసినట్టే ఉంది, అందుకే అంత కోపం వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషిని చాలామందిని చూశాను గానీ, నాలుగో కాలు చేత్తో పట్టుకుని కూడా లేదనే మనిషిని ఇప్పుడే చూశాను. నా పేరు కొట్టేశారు. సూటు రేపు పొద్దున్నే అప్పజెప్పమన్నారు.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ తన రబ్బరు చేతిజోళ్ళు నా చేతికి సరిపోతాయో లేదో పెట్టి చూసింది. నాకు ఏడుపొచ్చింది.

నమోదు 8. సోమవారం

యాత్రకు బయల్దేరే గదిలో అందరూ సూట్లలో ఉన్నారు, హెల్మెట్లు చంకలో పెట్టుకుని. అమ్మాజీ గారు హారతి పళ్ళెంతో, పులిహోర పొట్లాలతో వచ్చారు. నేను నా సూటును గున్నయ్యకు అప్పజెప్పాలి. ఏలియా ఇంకా పాలిపోయే ఉన్నాడు, కానీ నవ్వుతున్నాడు. వాడి నవ్వు చూశాక ఇక ఆగలేక, మాస్టారిని దాటి ఆమె దగ్గరికే వెళ్ళి మొత్తం చెప్పేశాను. మీరు పెట్టిన బొట్టు అని చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పాను.

ఆమె పళ్ళెం కింద పెట్టారు.

"ప్రతేటా ఈయన ఆ లోయకెల్లొచ్చేక రెండ్రోజులు నన్నే ఎవురివమ్మా అనడుగుతారు" అన్నారు, మాస్టారి వైపు చూడకుండా. "అది సదువేమో అనుకున్నాను."

"అమ్మాజీ, ఆ పిల్ల మాట..." అన్నారు మాస్టారు.

ఆమె ఆయన చంకలోంచి హెల్మెట్ లాక్కుని, కొప్పులోంచి ఒక పిన్ను తీసి లోపల గీరడం మొదలుపెట్టారు.

"శుభమా అని బయల్దేరతంటే బొట్టు సెరుపుతావేటే?"

"నాను పెట్టిందే గదా. పెట్టడం తెలిసిందానికి తియ్యడం తెలీదేటి?"

గుండీలాంటి ముద్ద ఊడి నేలమీద పడింది. కొంగుతో చిల్లులు తుడిచి, హెల్మెట్ ఆయన తలకు తగిలించి బిగించేశారు. మాస్టారు లోపల్నుంచి ఏదో అంటున్నారు, వినబడటం లేదు. కొద్దిసేపటికి ఒక సన్నని ఈల మొదలైంది. గున్నయ్య ఏ పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయోనని వెనక్కి చూశాడు. ఆ సూటు గొంతు అతనెప్పుడూ వినలేదు మరి. ఈల పెరిగి పెరిగి చెవులు చిల్లులు పడేలా అయింది.

"ఇన్నేళ్ళూ ఇది ఇలగే అరవాలనుకుందా?" అన్నారు అమ్మాజీ గారు.

"అవునమ్మగారూ."

ఆమె అక్కడున్న బల్ల మీద కూర్చుని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మాస్టారు ఈల వినపడుతున్నా హెల్మెట్ తియ్యకుండా చాలాసేపు అలాగే నిలబడ్డారు. చివరికి తీసి, "గున్నయ్యా, డబ్బాలు" అన్నారు.

"బాబూ, అవి కొత్తవి..."

"అందుకే."

గున్నయ్య ఒక్కో పెట్టె విప్పుతుంటే కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఉంది. అందరూ పిన్నులూ, మేకులూ పట్టుకుని హెల్మెట్లు గీరుకున్నారు. అమ్మాజీ గారు మళ్ళీ కుంకుమ తీసి ఈసారి అందరి నుదుటి మీదే పెట్టారు. ఏలియా చర్చికి వెళ్ళేవాడని గుర్తొచ్చి ఆగితే, వాడే నుదురు ముందుకు పెట్టాడు. నేలమీద పడ్డ ముద్దను నేను నమూనా సంచిలో వేసి ఒకటో నంబరు రాసుకున్నాను. మాస్టారు నా వైపు చూడకుండానే "సూటెందుకు విప్పేవు, తొడుక్కో" అన్నారు.

నమోదు 9. మంగళవారం, పగులులోయ

రాత్రంతా బండిలో ప్రయాణించి ఆ గోడ ముందుకు వచ్చాం. ఎవరికీ తలనొప్పి లేదు, నవ్వు రావడం లేదు. చాలా ఇబ్బందిగా ఉంది.

గోడ పొరల్లో పాతకాలపు బురద ఎండి పగిలిన గుర్తులున్నాయి. ఎండిన మడిలో బీట ఎలా ఉంటుందో పుస్తకంలో బొమ్మ ఉంది. పైన వెడల్పు, కిందికి పోనుపోను సన్నం. తలకిందులైన పొరలో సన్నటి కొస పైకి ఉండాలి. అందరూ చూశారు. అందరూ తమ గొడుగుల కేసి, మేజోళ్ళ కేసి కూడా చూసుకున్నారు. మార్కులు వేసేది ఎవరో అందరికీ తెలుసు.

"మేదినీ" అన్నారు మాస్టారు. "ఏటి కనబడతంది?"

నేను ఊపిరి బిగబట్టాను. నా సూటు అందరికీ వినబడేలా, "ధరించువారు ఊపిరి పీల్చవలెను" అంది. పీల్చాను.

"వెడల్పు పైనుంది సార్. సన్నం కిందుంది. పొరలు తిన్నగానే ఉన్నాయి. అన్నీ."

ఆయన గోడ దగ్గరికెళ్ళి ఒక బీటలో వేలు పెట్టి, పైనుంచి కిందిదాకా మెల్లగా జార్చారు. సన్నబడ్డ చోట వేలు ఆగిపోయింది. మళ్ళీ పక్క బీటలో పెట్టారు. అలా చేతికందినన్ని చూశారు. ఆయన సూటు ఈల వేయలేదు. ఈసారి నిజంగానే వేయాల్సిన పని లేదు.

"తలకిందులుగా ఉన్నప్పుడే బాగుండేదమ్మా" అన్నారు.

తర్వాత తన పుస్తకం తీసి, ఒక రాయి మీద కూర్చుని, గోడను ఉన్నదున్నట్టు గీయడం మొదలుపెట్టారు. మేమూ ఆయన పక్కన కూర్చుని గీశాం.